చౌడమ్మ వేసిన దండ

చౌడమ్మ మాట వచ్చినప్పుడల్లా మా ప్రాంతంవారు ఆ శుక్రవారంతోనే మొదలుపెడతారు. అంతకు ముందు ఆమెకు ముప్పై ఏళ్లకు పైబడిన బ్రతుకు ఉన్నదనీ, అది గొర్రెల వెనుకా పొయ్యి ముందూ గడిచిందనీ తలచుకునేవారు తక్కువ. జమ్మలమడుగులో నేను తెలుగు పాఠాలు చెప్పిన రోజుల్లో ఆమె నా తరగతిలో చదివింది. ప్రశ్న అడిగితే మొదట కిటికీలోంచి బయటికి చూసేది, ఆ తరువాత జవాబు చెప్పేది. ఎందుకలా చూస్తావని ఒకనాడు అడిగాను.

"తప్పిపోయిన గొర్రెను యెతికేటప్పుడు దగ్గర సూడకూడదు టీచరమ్మా. దూరం సూడాల" అన్నది.

పదవ తరగతి గట్టెక్కిన వేసవిలోనే ఆమెకు పెళ్లి చేశారు. పెనిమిటి తిప్పన్నది అదే ఊరు, అదే కులం, అదే వృత్తి. ఊరి పేరు ఏటిగట్టుపల్లె. జమ్మలమడుగు నుండి పులివెందులకు పోయే దారికి కాస్త లోపలగా ఉంటుంది. వంక దాటితే నల్లబండపల్లె. ఏటిగట్టుపల్లె వెంకటపతి చెప్పుచేతల్లో ఉండేది. నల్లబండపల్లె పెద్దన్న చెప్పుచేతల్లో ఉండేది. ఇద్దరూ భూస్వాములే. ఒకరు ఒక పార్టీ కండువా వేసుకుంటే రెండవవారు ఎదుటి పార్టీ కండువా వేసుకునేవారు. ఒక ఎన్నికలలో ఇద్దరూ కండువాలు మార్చుకున్నారు. పగ మాత్రం మారలేదు. ఒక ఊరివారు ఎక్కిన బస్సును రెండవ ఊరివారు ఎక్కేవారు కారు. వంకలో నీళ్లు వచ్చిన ఏడు కూడా బట్టలు ఉతికే బండలు ఎవరివి వారికే.

ఈ కట్టుబాటుకు లొంగనిది తిప్పన్న మంద ఒక్కటే. కోతలు ముగిశాక నల్లబండపల్లె రైతులు అతని గొర్రెలను తమ చేలల్లో కట్టించుకునేవారు. మంద రాత్రుళ్లు చేలో పడుకుంటే ఆ పెంటే నేలకు బలం. రైతు ఇంటినుండి కాపరికి రెండు పూటలా సంగటి వచ్చేది. ఎదుటి పార్టీ ఊరిలో పడుకుంటావే, భయం లేదా అని ఎవరైనా అడిగితే తిప్పన్న నవ్వేవాడు.

"పెంటకు పార్టీ యాడిదప్పా?"

పిల్లలు బడికి పోవడం మొదలయ్యాక చౌడమ్మ పొదుపు సంఘంలో చేరింది. గొర్రెపిల్లలను దళారీ చెప్పిన ధరకు కాక నేరుగా అమ్ముకోవాలంటే, అమ్మకానికి ఉన్నవని నలుగురికీ తెలియాలి. ప్రొద్దుటూరులో మాబున్ని అనే ఆమె ఊళ్ల వివరాలతో ఒక వెబ్‌సైటు నడుపుతున్నదనీ, అందులో ఎవరి ఊరి పుటలో వారే ప్రకటనలు పెట్టుకునేలా కొత్తవారికి నేర్పుతున్నదనీ విని, జమ్మలమడుగులో బస్సు మారి అంత దూరమూ వచ్చింది.

మాబున్ని తండ్రి దావూద్‌ది ఫొటోలకు చట్రాలు కట్టే అంగడి. ఆయన పోయాక ఆమె అద్దాలూ చెక్కలూ అమ్మివేసి అక్కడే కంప్యూటర్లు పెట్టింది. వెబ్‌సైటుకు 'ఊరి వాకిలి' అని పేరు పెట్టుకుంది. ఊరికొక పుట, అందులో వానల లెక్క, బస్సుల వేళలు, పెళ్లిళ్లు, చావులు, నాయకుల శుభాకాంక్షలు. కంప్యూటర్లలో తెలుగు అక్షరం కనబడడమే వింతగా ఉన్న రోజులవి. ఉద్యోగ విరమణ తరువాత నేను మధ్యాహ్నాలు అక్కడ కూర్చుని తప్పులు దిద్దుతుండేదాన్ని.

ఆ వాకిలిని ఎక్కువగా చూసేది ఊళ్లవారు కాదు, కువైట్‌లో ఉన్న మనవారు. మా జిల్లాలో కువైట్‌కు మనిషిని పంపని ఊరు అరుదు. అక్కడ శుక్రవారం సెలవు. ఆ రోజు మనవారు ఇంటర్నెట్ అంగళ్లలో గుంపుగా చేరి, తమ ఊరి పుట తెరిచి, ఎవరి ఇంట్లో పెళ్లి జరిగింది, ఏ వంక పారింది అని చూసుకునేవారు.

మొదట్లో మాబున్ని ఒక్కొక్క పుటలో ఫొటోకు ఒక్కొక్క పెట్టె చేసేది. ఉగాదికి పెద్దన్న ఫొటో, వెంకటపతి ఫొటో వారి వారి ఊరి పుటల్లో పెట్టింది. మూడవనాడు వెంకటపతి మనిషి ఒకడు చొక్కాలో ఇనుప స్కేలు పెట్టుకుని వచ్చాడు. రెండు పుటలూ తెరిపించి, తెర గాజు మీద స్కేలు ఆనించి కొలిచాడు.

"మా వెంకటపతన్న యేలెడు తక్కువ ఉండాడే. ఎవురు తగ్గించమన్నారు?"

"ఎవురూ అన్లేదన్నా. ఫొటో అట్ల వచ్చింది" అన్నది మాబున్ని.

"ఫొటోకు తెలివి లేకపోతే నీకు ఉండాల గదమ్మా. ఇది సాయంత్రంలోగా మారాల. లేకుంటే మావోళ్లు వచ్చి కొలుస్తారు. వాళ్లు స్కేళ్లు తేరు."

ఆ సాయంత్రమే మాబున్ని ఒకే ఒక ఫొటో పెట్టెను తయారుచేసింది. ఒకే వెడల్పు, ఒకే ఎత్తు, ఒకే అంచు. దానిని మూలంలో ఉంచి, అన్ని పుటలలోనూ దానినే పెట్టింది. ఇక ఎవరి కొలతా ఎక్కువ కాదు, ఎవరిదీ తక్కువ కాదు. నేర్చుకునేవారికి కనబడేలా గోడ మీద ఒక కాగితం అంటించింది: ఫొటోకు వేరే పెట్టె చేయరాదు.

కొత్తవారికి మొదటి పాఠం ఆ పెట్టెతోనే.

"పేజీకొకటి చేసుకుంటా కూర్చుంటే మనకు తెల్లారిపోతాది. ఒక్కటి సక్కంగా చేసి మూలంలో పెట్టుకోండి. ఏ పేజీలో కావాలంటే ఆడికి పిలిస్తే వస్తాది. లోపల ఫొటో మీది, పేరు మీది. పెట్టె మాత్రం అందరిదీ ఒకటే."

చౌడమ్మ వీధివైపు కాసేపు చూసింది. "మందకు ఏసే ముద్ర మాదిరి గదక్కా. ముద్ర ఒకటే, గొర్రెలు శానా."

"కాదు చౌడమ్మా. ముద్ర ఒకసారి పడితే అట్లే ఉంటాది. ఇది అట్ల కాదు. నీ చేతిలో ముద్ర మార్చినావనుకో, మందలో ఉండేవాటన్నిటి మీదా అప్పుడే మారిపోతాది."

"అట్లాటి ముద్ర దొరికితే గొర్రెల దొంగలు దానికి గుడి కడతారు" అన్నది చౌడమ్మ. తరగతి అంతా నవ్వింది.

ఆమె త్వరగా నేర్చుకుంది. గొర్రెపిల్లల అమ్మకానికి ఒక పెట్టె, ఉన్నికి ఒక పెట్టె, తన ఊరి పుటలో తానే పెట్టుకుంది. పక్క బల్లవారికి కూడా చెప్పేది. పెట్టెకు నకలు తీసి, ఆ నకలును మాత్రమే మార్చుకునే పద్ధతి ఒకటి ఉంది. మాబున్ని ఆ పాఠాన్ని తరువాతి వారానికి అట్టిపెట్టింది.

ఆ శుక్రవారం మాబున్ని నమాజుకూ భోజనానికీ వెనుక వీధిలోని ఇంటికి వెళ్లింది. గదిలో నేనూ చౌడమ్మా ఉన్నాము. ఆమె ఆనాడు తన తండ్రి ఫొటో తెచ్చుకుంది. చిన్నసుబ్బయ్య పోయి ఏడాది కావస్తున్నది. ఊరి పుటలో ఆయన బొమ్మ పెట్టి నివాళి వ్రాయాలని ఆమె కోరిక. చనిపోయినవారి ఫొటోకు దండ ఉండాలి కదా. బొమ్మల గుట్టలో వెదికి బంతిపూల దండ ఒకటి పట్టుకుంది, వెలుగుతున్న ప్రమిద ఒకటి పట్టుకుంది. వాటిని ఫొటో పెట్టెకు తగిలించాలి. వేరే పెట్టె చేయరాదని గోడ చెబుతూనే ఉంది. ఆమె ఆ మాటను తు.చ. తప్పకుండా పాటించింది. మూలంలో ఉన్న పెట్టెనే తెరిచి, దానికి దండ వేసి, కింద దీపం వెలిగించి, 'అశ్రునివాళి' అన్న మాట చేర్చి భద్రపరచింది.

"సూడండి టీచరమ్మా, మా నాయన" అన్నది.

చూశాను. తలగుడ్డతో చిన్నసుబ్బయ్య. దండ చక్కగా అమరింది. ఆమె కొంగుతో కళ్లు ఒత్తుకుని తెచ్చుకున్న సద్ది విప్పింది. ఆమె తినడం పూర్తికాక ముందే ఫోను మ్రోగింది. నేనే తీశాను. దూరపు గొంతు, వెనుక మనుషుల గోల.

"ఊరి వాకిలేనామ్మా?"

"అవును."

"పెద్దన్నను ఎప్పుడు సంపినారు?"

"ఏ పెద్దన్న?" అన్నాను.

"నల్లబండపల్లె పెద్దన్న. మాకు ఫోను సేసి చెప్పే దిక్కు లేకపాయె. మీరు దండేసి దీపం పెట్టినాంక మాకు తెలిసింది. మేము ఈడ పదిమందిమి ఏడుస్తాండాం."

నల్లబండపల్లె పుట తెరవమని చౌడమ్మకు సైగ చేశాను. తెరిచింది. పెద్దన్న తెల్లచొక్కా, మీసం, చిరునవ్వు. మెడలో బంతిపూల దండ. కింద దీపం, అశ్రునివాళి.

చౌడమ్మ చేతిలో సంగటిముద్ద అలాగే ఆగిపోయింది. ఏటిగట్టుపల్లె పుట తెరిచింది. వెంకటపతికీ దండ. మరొక ఊరు: కొత్తగా పెళ్లయిన జంటకు దండ, దీపం. ఇంకొక ఊరు: పేరు పెట్టిన పండుగనాటి పసిబిడ్డకు. పిల్లలకు పలకలు పంచిన దాతకు. వల్లూరు పుటలో మంచి ఎడ్లజతకు బహుమతి వచ్చిన రైతుకూ, ఆ ఎడ్లకూ. తెర మీద ఊరి వెనుక ఊరు పోతున్నది. బ్రతికి ఉన్న ప్రతి మనిషీ చచ్చిపోయి కనబడుతున్నాడు.

"నేను నాయనకే గదా ఏసినా" అన్నది చౌడమ్మ. ఆ గొంతు నేను ఎరిగిన గొంతు కాదు.

కబురు పంపితే మాబున్ని తలమీది ముసుగు జారుతుండగా పరుగున వచ్చింది. తెర చూసి గోడకు ఆనుకుంది. ఆ తరువాత కూర్చుని మూలంలోని దండను తీసివేసింది. అన్ని పుటలలోనూ ఒక్కసారిగా దండలు మాయమయ్యాయి. మేము ముగ్గురమూ ఊపిరి పీల్చుకున్నాము. ఫోను మళ్లీ మ్రోగింది. ఈసారి వేరొక గొంతు, కోపంతో.

"ఇంతవరకూ ఉండె దండ, ఇప్పుడు లేదు. ఎవురు తీయించినారు?"

"నాయనా, తప్పు జరిగింది. పెద్దన్నకు ఏమీ కాలేదు. బతికే ఉండాడు" అన్నది మాబున్ని.

"నువ్వు సూసినావా?"

మాబున్ని తెర మీది పెద్దన్న ఫొటో వైపు తిరిగింది.

"సూల్యా గదా. ఈ పొద్దు జమ్మలమడుగు కోర్టులో ఆయనకు వాయిదా. పోయే దావలోనే నరికినారంట. సావు బయటపడితే ఊర్లు కాలిపోతాయని మీతో దండ తీయించినారు. మాకు తెలీదనుకోవద్దు."

దండ ఉండడం చావుకు రుజువు. దండ లేకపోవడం అంతకంటే పెద్ద రుజువు. దండ చూసినవారు అప్పటికే పులివెందులకు ఫోను చేశారు. పిల్లల చదువుల కోసం పెద్దన్న భార్య భారతమ్మ అక్కడ ఇల్లు తీసుకుని ఉంటున్నది. పులివెందుల నుండి మాట నల్లబండపల్లెకు చేరింది. దారిలో నరికారన్న మాట ఎక్కడ అతుక్కున్నదో ఎవరికీ తెలియదు. వెంకటపతి ఊరిలోనే అందరికీ కనబడుతున్నాడు కనుక ఆయన దండను ఎవరూ నమ్మలేదు; పెద్దన్న ఫోనుకు మాత్రం మేము ఎన్నిసార్లు చేసినా పలకలేదు.

చౌడమ్మ లేచి నిలబడింది. చేయి కూడా కడుక్కోలేదు.

"మా ఇంటాయన ఆడనే ఉండాడు."

"ఎక్కడ?" అన్నాను.

"నల్లబండపల్లె చేండ్లల్లో. మంద కట్టి నాల్గు దినాలాయ. ఫోను లేదు ఆయప్పకు."

వివరించవలసిన పని లేదు. నాయకుడు పడితే ఎదుటి ఊరివాడు ఎవడు చేతికి చిక్కితే వాడు పడతాడు. ఎవరు చంపారని విచారించేది ఆ తరువాత. ఆ నాడు నల్లబండపల్లె పొలిమేరలో ఏటిగట్టుపల్లె మనిషి ఒక్కడే ఉన్నాడు.

పోలీసులకు ఫోను చేశాము. వార్త తమకూ వచ్చిందనీ, దాడి జరుగుతుందేమోనని బలగాన్ని ఏటిగట్టుపల్లెకు పంపామనీ చెప్పారు. చేలో ఒక గొర్రెల కాపరి ఉన్నాడని చెబితే వ్రాసుకున్నారు.

"పెద్దన్న నోటితో ఆయప్పే చెప్పాల, నేను బతికుండానని" అన్నది చౌడమ్మ. "కోర్టుకు పోతా."

"నువ్వు ఏ ఊరిదానివో తెలిస్తే ఆయన మనుషులు నిన్ను దగ్గరికి రానీరు" అన్నది మాబున్ని.

"రానీకపోతే దూరంనించే చెప్తా."

ఫోను దగ్గర మాబున్ని ఉండిపోయింది. నేనూ చౌడమ్మా జీపు మాట్లాడుకుని బయలుదేరాము. జమ్మలమడుగులో అంగళ్ల తలుపులు దించుతున్నారు. పులివెందుల వైపు పోవలసిన బస్సులు కదలక నిలబడి ఉన్నాయి. మనిషి చావలేదని తెలిసినది ఆ ఊరిలో మా ఇద్దరికే అనిపించింది. ఆ మాటకు వస్తే మాకు మాత్రం ఏం తెలుసు? దారిలో నరికారన్న మాట నిజం కాదని ఎవరు చెప్పారు?

కోర్టు ఆవరణలో జీపు నీడన పెద్దన్న అరటిపండు తింటూ కనబడ్డాడు. పక్కన వకీలు. చుట్టూ పదిమంది. ఒకడు మాకు అడ్డం వచ్చాడు.

"యాడికి?"

"పెద్దన్నప్పతో మాట్లాడాల."

"ఏ ఊరు?"

అబద్ధం చెబుతుందనుకున్నాను. "ఏటిగట్టుపల్లె" అన్నది చౌడమ్మ.

అడ్డం వచ్చినవాడి చేయి నడుముకు పోయింది. చౌడమ్మ వానిని చూడలేదు. వాని భుజం మీదుగా, దూరంగా ఉన్న పెద్దన్ననే చూస్తూ గొంతు పెంచింది.

"అప్పా, నువ్వు సచ్చిపోయినావని మీ ఊర్లో ఏడుస్తాండారు. ఆ సావు చేసింది నేను."

పెద్దన్న అరటితొక్క కిందపెట్టాడు. "రానీండి" అన్నాడు.

ఆమె చెప్పింది. తండ్రి ఫొటో, పెట్టె, దండ, కువైట్. నిలబడి, చేతులు కట్టుకోకుండా, ఏదీ దాచకుండా చెప్పింది. పెద్దన్న ముఖంలో రంగు మెల్లగా దిగిపోవడం చూశాను. చావు అన్న మాటకు భయపడే మనిషి కాడంటారు. తన మెడలో దండ పడిందని విన్నాక చేయి తెలియకుండానే గొంతు దగ్గరికి పోయింది.

"వెంకటపతికీ ఏసినావా?" అని అడిగాడు.

"ఏసినా అప్పా. అందరికీ పడింది."

"ఎవురి దండ పెద్దది?"

"ఒకటే కొలత."

ఆయన నోటి దగ్గరకు నవ్వు వచ్చి ఆగిపోయింది. ఎందుకంటే ఆమె వెంటనే అన్నది: "నా మొగుడు తిప్పన్న మీ వెంకటలక్ష్మమ్మ చేలో మందతో ఉండాడు. బిరీన ఫోను చెయ్యప్పా."

కోర్టులోకి పోతూ కట్టివేసి జీపులో పడవేసిన ఫోను తెచ్చి ఇచ్చారు. పెద్దన్న మొదట ఊరికి చేశాడు. ఎవరూ ఎత్తలేదు. తరువాత పులివెందులకు చేశాడు. భారతమ్మ గొంతు పక్కనున్న మాకు వినబడేంత గట్టిగా ఉంది.

"ఎవుర్రా నువ్వు? ఆయప్ప ఫోనులో మాట్లాడతాండావు?"

"నేనేమే. పెద్దన్నను."

"గొంతు మార్చి మాట్లాడితే నమ్ముతాననుకున్నావా? పోయిన శివరాత్రికి నాకు ఏం తెచ్చినాడో చెప్పు."

"ఏమీ తేల్యా. దానికి నువ్వు ఉగాది దాకా నాతో మాట్లాడకపోతివి."

ఆ తరువాత ఏడుపు. నేను పెళ్లిళ్లలోనూ చావుల్లోనూ ఎన్నో ఏడుపులు విన్నాను, అటువంటిది వినలేదు. పెద్దన్న ఫోను చెవికి కాస్త దూరంగా పట్టుకున్నాడు.

"ఏడ్వద్దు. ఊర్లో పిల్లోళ్లు యాడ? ఎవురూ పలకరే?"

"పోయినారు" అన్నది భారతమ్మ.

"యాడికి పోయినారు?"

"నేనే పొమ్మన్నా. ఆ ఊరోడు ఎవుడు కనపడితే వాణ్ని ఇడిసిపెట్టొద్దని నేనే చెప్పినా. నువ్వు లేవనుకున్నా గదప్పా."

చౌడమ్మ విన్నది. ఆమె చేయి గాలిలో దేనికోసమో వెదికి నా మణికట్టు దొరకబుచ్చుకుంది. పెద్దన్న వకీలుతో ఒక్క మాట కూడా చెప్పక జీపు ఎక్కాడు. "ఎక్కండి" అన్నాడు మాతో. ఏటిగట్టుపల్లె ఆడమనిషి పెద్దన్న జీపులో కూర్చోవడం ఆ ఆవరణలో ఉన్నవారంతా నోరు తెరచుకుని చూశారు.

జీపు నల్లబండపల్లె వైపు పరుగెత్తింది. చౌడమ్మ అద్దంలోంచి దూరం చూస్తూనే ఉంది.

చేను కనబడగానే మాకు మొదట తెల్లమచ్చలు కనబడ్డాయి. గొర్రెలు. నిలబడినవి కొన్ని, కదులుతున్నవి కొన్ని. దగ్గరికి పోయాక తక్కినవి కనబడ్డాయి. కోసిన జొన్న మోళ్ల మధ్య అటొకటి ఇటొకటి పడి ఉన్నాయి. మెడల మీద, నడుముల మీద కొడవలి వేట్లు. ఒకటి ఇంకా కాళ్లు తన్నుకుంటున్నది. మోళ్ల నిండా నెత్తురు. చావు చూసి ఎరుగని ప్రాంతం కాదు మాది. అయినా నోరులేని మంద అలా పడి ఉండడం చూశాక నా కళ్లు ఏది ముందు చూడాలో తెలియక తిరిగాయి.

గట్టుకు అవతల పదిమంది యువకులు నిలబడి ఉన్నారు. జీపులోంచి దిగిన పెద్దన్నను చూసి ఒక్కడూ కదలలేదు. ఒకడు మాత్రం చేతిలోని కొడవలిని వీపు వెనక్కు పెట్టుకున్నాడు.

వారి ఇవతల, చచ్చిన గొర్రెల నడుమ, తిప్పన్న కూర్చుని ఉన్నాడు. తలగుడ్డ లేదు. గొంగడి పది అడుగుల దూరాన విసిరి ఉంది. అతని ఒంటి మీద నెత్తురు కనబడి చౌడమ్మ ఒక్కసారి ఆగిపోయింది. అది గొర్రెలదని తెలిశాక మళ్లీ అడుగు వేసింది.

చేని యజమానురాలు వెంకటలక్ష్మమ్మ అతనికి అడ్డుగా నిలబడి ఉంది. ముసలామె. పెద్దన్నను చూసి కూడా కొంగు సవరించుకోలేదు.

"వచ్చినావా నాయనా? సచ్చిపోయినోడివి ఇంత ఆలస్యంగా వస్తే ఎట్ల?"

"ఏం జరిగింది పెద్దమ్మా?"

"మీ పిల్లోళ్లు కొడవండ్లు తీసుకుని ఈని మీదికి వచ్చినారు. పెద్దన్నను సంపినారు గదరా అని. ఈడు ఏమన్నాడు తెల్సా? 'ఏ పెద్దన్న? మన పెద్దన్ననా?' అన్నాడు. తలగుడ్డ తీసి, గొంగడి ఇసిరేసి, నేలమీద కూలబడి ఏడ్చినాడు. మీ ఇంట్లోవాళ్లు ఏడ్వకముందే ఈడు ఏడ్చినాడు పెద్దన్నా. కొడవలెత్తినోడు ఎత్తినట్లే నిలబడినాడు. ఏడ్చేవాణ్ని నరకలేక జీవాలమీద పడినారు."

పెద్దన్న మోళ్ల మీద నడుచుకుంటూ తిప్పన్న ముందుకు వచ్చి నిలబడ్డాడు. తిప్పన్న తల ఎత్తి చూశాడు. కళ్లు ఉబ్బి ఉన్నాయి. చూస్తున్నది నిజమో కాదో తేల్చుకోలేక చేయి చాచి ఆయన పంచె అంచు పట్టుకున్నాడు.

"నువ్వు పోయినావన్నారే అప్పా."

"పోల్యా తిప్పన్నా."

"నీ సేలో శానా దినాలు కూడు తింటి గదా. అందుకని..." మాట పూర్తిచేయలేక పంచె వదిలాడు.

పెద్దన్న గట్టువైపు తిరిగాడు. "ఎవురు కొట్టినారు మందను? పేర్లు చెప్పు తిప్పన్నా. ఇప్పుడే, అందరి ముందరా."

తిప్పన్న ఆ పదిమందినీ ఒక్కొక్కరినే చూశాడు. అందరూ అతను చిన్ననాటి నుండి ఎరిగినవారే. వారి పేర్లే కాక వారి తండ్రుల పేర్లూ తెలిసినవాడు. వీపు వెనుక కొడవలి దాచుకున్నవాని దగ్గర అతని చూపు కాసేపు ఆగింది.

"ఎండ కండ్లల్లో కొడతాండె అప్పా. మొగాలు కనపళ్లే" అన్నాడు.

ఎండ అతని వీపుమీద ఉంది. అది అందరికీ కనబడుతూనే ఉంది. పెద్దన్న రెండవసారి అడగలేదు. గట్టు మీద ఎవరో ఏడవడం మొదలుపెట్టారు; ఎవరని చూసేందుకు కూడా ఒక్కరూ తల తిప్పలేదు.

చౌడమ్మ తిప్పన్న పక్కకు వచ్చి కూర్చుంది. "ఆ దండ ఏసింది నేనే" అన్నది. "నాయనకని ఏసినా. అందరికీ పోయి పడింది."

అతను ఆమె ముఖంలోకి చాలాసేపు చూశాడు. అర్థమైందో లేదో నాకు తెలియదు. కొంగుతో ఆమె అతని భుజం మీది నెత్తురు తుడవబోతే చేయి పట్టుకుని ఆపాడు. లేచి, నడిచిపోయి గొంగడి తెచ్చుకుని భుజాన వేసుకున్నాడు. తన్నుకుంటున్న గొర్రె దగ్గర ఆగి, దాని కళ్లు చేత్తో మూసి, అది నిమ్మళించేదాకా అలాగే కూర్చున్నాడు.

తరువాత చేను నడుమకు పోయి నిలబడి, సాయంత్రాలు మందను పిలిచే కూత వేశాడు. లేవగలిగినవి లేచాయి.